పడుగు గంజి, తోడికోడలి నడుము

నా తోడికోడలు సన్నబడింది వేలూరు డాక్టరు చలవ అని మా వీధంతా అంటుంది. కాదు, తాను మొక్కుకున్న మొక్కు ఫలించిందని మా అత్త చివరిదాకా అనేది. రెండూ కావు. ఆమె సన్నబడింది నా కడుపుమంట వల్ల. ఈ సంగతి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు, చెప్పడానికి ఎవరికీ తెలియదు కూడా. అందుకని నేనే చెబుతున్నాను.

గుడియాత్తంలో మాది నేతపని ఇల్లు. ముందు వసారాలో మూడు గుంత మగ్గాలు. ఒకటి నా మొగుడిది, ఒకటి మా మరిదిది, మూడోది మా అత్తది. మా వీధిలో ఆడవాళ్ళు కండెలు చుడతారు, నూలు ఆరబెడతారు, పడుగుకు గంజి పెడతారు. మగ్గం గుంతలోకి దిగేది మాత్రం మగవాళ్ళే. మా అత్త ఒక్కతే వేరు. మా మామ చిన్న వయసులోనే పోతే, ఆయన మగ్గం మీద ఇంకెవరినో కూర్చోబెట్టడం ఇష్టం లేక తానే గుంతలోకి దిగింది. ఆ మగ్గం మీదే ఇద్దరు కొడుకులను పెంచింది. అది తూర్పు కిటికీ పక్కన ఉండేది. పొద్దుటి వెలుతురు నేరుగా వచ్చి బట్ట మీద పడేది. జర్మనీ రంగులు ఇంకా దండిగా దొరుకుతున్న కాలం అది. ఆ వెలుతురులో ఎర్రంచు చీర కొంచెం కొంచెంగా పెరుగుతుంటే చూడటానికి రెండు కళ్ళూ చాలేవి కావు.

నాకు ఆ మగ్గం కావాలి. కాపురానికి వచ్చిన రోజు నుంచీ కావాలి. కండెలు చుట్టే మనిషిని ఎవరడుగుతారు? ఇంటికి ఎవరైనా వస్తే చీర పట్టుకొని "ఇది ఎవురు నేసినారు?" అంటారు. "ఈ కండె ఎవురు చుట్టినారు?" అని ఇంతవరకు ఒక్కరైనా అడిగిన పాపాన పోలేదు.

మా అత్తకు చూపు మందగించింది. దారం తెగితే వెతుక్కోవడం కష్టమైంది. ఒకరోజు సంగటి తింటూ తింటూ, ఉప్పు చాలలేదని చెప్పినంత మామూలుగా, "ఈ ఆయుధపూజకు నా మగ్గం ఒక కోడలికి అప్పజెప్తా" అన్నది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెద్ద కోడలిని నేను. నాకు కాకపోతే ఎవరికి?

ఎవరికంటే, అదిగో, ఆమెకు.

నా తోడికోడలిది వేలూరు పక్కన తొరపాడి. వాళ్ళ నాయనకు మగపిల్లలు లేరు. ఆయన కూతురినే గుంతలో కూర్చోబెట్టి పని నేర్పాడు. నా సంగతి చూడండి. నాది నాట్రంపల్లి. మా నాయన నేను పుట్టకముందే మగ్గం వదిలేసి నూలు వ్యాపారంలో పడ్డాడు. నూలు బరువు చేత్తో చూసి చెప్పమంటే చెబుతాను గానీ, నేత నాకు ఒంటబట్టలేదు.

ఇంకో సంగతి. ఆమె లావు. మామూలు లావు కాదు. పెళ్ళయి బండి దిగిన రోజు మా వీధి ఆడవాళ్ళంతా గడప దాకా వచ్చి, "అమ్మణ్ణి లక్ష్మీదేవి మాదిరి నిండుగా ఉండాదే!" అని మురిసిపోయారు. అంతకు ముందు నేను దిగినప్పుడు ఇదే ఆడవాళ్ళు "ఎండు మునక్కాయను తెచ్చుకున్నారు, పాపం" అన్నారు. నా చెవులతో విన్నాను. ఒళ్ళు ఉండటమే అందం, ఇంటికి కలిమి అని అనుకునే రోజులు. ఆ రోజు మొదలు ఆమె ఒంటిని చూసి నేను కుళ్ళుకున్నాను. మామూలు చీర ఆమెకు చాలేది కాదు. కొంగు భుజం దాకా వచ్చి ఆగిపోయేది, నడుముకు చెక్కుకునేందుకు మిగిలేది కాదు. అది ఒక్కటే నాకు ఊరట. చాటుగా నవ్వుకునేదాన్ని.

మా అత్త మా ఇద్దరినీ మగ్గం మీద కూర్చోబెట్టి చూసింది. ముందు నేను. గుంతలోకి ఇట్టే దిగాను. కండె పెట్టిన నాడె అటూ ఇటూ విసిరాను, పోగు బిగించే పన్నె దగ్గరికి లాగి కొట్టాను. ఎంతో బాగా నేశాననుకున్నాను. మా అత్త చూపు ఆననప్పుడు వేళ్ళతో చూసేది. బట్ట మీద వేళ్ళు ఆనించి, "ఇక్కడ బిగువు, ఇక్కడ సడలు. దెబ్బ దెబ్బకూ నీ కోపం మారతా ఉండాదే" అన్నది.

తర్వాత ఆమె. గుంత గట్టు మీద కూర్చోవడానికే మరిది చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. కూర్చుంటే నేసిన బట్ట చుట్టుకునే కర్ర కడుపుకు నొక్కుకుపోయింది. వెనక్కి జరిగితే పన్నె చేతికి అందదు. మోకాళ్ళు మడిచి తొక్కుడు కర్రలు తొక్కలేక చెమటలు కక్కింది. అయినా ఊపిరి బిగబట్టి జానెడు నేసింది. మా అత్త ఆ జానెడు బట్టనూ వేళ్ళతో తడిమింది. మళ్ళీ తడిమింది. నేనూ పోయి తడిమి చూశాను. నీళ్ళ మీద చెయ్యి పెట్టినట్టు ఉంది. ఎక్కడా ఎత్తు లేదు, పల్లం లేదు. నా ఒళ్ళు భగ్గుమంది.

ఆమెను గుంతలోంచి పైకి లాగడానికి నేనూ, మరిదీ చెరో రెక్కా పట్టుకోవాల్సి వచ్చింది. "చెయ్యి దీనిది, నడుము దానిది. ఆ దేవుడు రెండూ ఒకచోట పెట్టుంటే వాని సొమ్మేం పోతాది?" అన్నది మా అత్త.

గుంత పెద్దది చేసుకుంటే పోలేదా అని మీరు అడగవచ్చు. మరిది అదే అన్నాడు. గుంత తవ్వగలం గానీ చేతులు సాగదీయలేం కదా! కడుపు కర్రకు తగలకుండా కూర్చుంటే చేతులు అందవు, చేతులు అందేట్టు కూర్చుంటే కడుపు తగులుతుంది. మగ్గం మనిషి కొలతకు ఉంటుంది. ఆ మగ్గం మా అత్త కొలతకు ఉంది, మా అత్త కొలతా నా కొలతా ఒకటే. ఇంక ఆలోచించేదేముంది అని నేను నిశ్చింతగా ఉన్నాను.

మా అత్త అంత సులభంగా వదిలే మనిషి కాదు. "ఆయుధపూజకు ఇంకా నెలలు ఉండాయి. వేలూరులో డాక్టరును చూద్దాం. దాని మోకాలి నొప్పులూ పోతాయి, ఒళ్ళూ తగ్గుతాది. తగ్గితే మగ్గం దానికి. తగ్గకపోతే నీకు" అని నా ముఖం మీదే చెప్పింది. ఇంతకంటే సూటిగా ఎవరు చెబుతారు? ఆమె నడుము తగ్గితే నేను బతుకంతా కండెలు చుట్టుకుంటూ ఉండాలి.

ముగ్గురం రైలెక్కి కాట్పాడిలో దిగి జట్కా కట్టించుకున్నాం. జట్కావాడు ఆమెను చూసి, "ముందర కూచోమ్మా, వెనకాల కూచుంటే గుర్రం గాల్లోకి లేస్తాది" అన్నాడు. నేను పకపకా నవ్వాను. మా అత్త నా తొడ మీద గిల్లింది.

ఆ డాక్టరు మద్రాసులో చదువుకొని వచ్చి, వేలూరు కోటకు దగ్గరలో వైద్యం చేస్తున్నాడు. మనిషి ఎండుపుల్ల. ఆయనది తమిళం, మాది తెలుగు, మాటల మధ్యలో రెండూ కలిసిపోయేవి. ఆమెను తూకం యంత్రం మీద నిలబెట్టాడు, మోకాళ్ళు నొక్కి చూశాడు, ఏమేం తింటావని అడిగాడు. ఆమె సిగ్గుపడుతూ చెప్పింది: పొద్దున సద్దన్నం, మధ్యాహ్నం సంగటి, రాత్రికి అన్నం, మధ్యలో ఆకలైతే బెల్లంతో బొరుగులు.

"అంతా పిండే!" అన్నాడు డాక్టరు. "అరిసి వేండాం. రాగి వేండాం. బెల్లం, ఉర్లగడ్డ, అరటిపండు, ఒణ్ణుమే వేండాం." బియ్యం వద్దు, రాగులు వద్దు, ఏదీ వద్దు.

మా అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "అన్నం లేకపోతే మనిషి ఎట్ల బతికేది సామీ?"

ఆయన ఓపికగా చెప్పాడు. బియ్యమైనా రాగులైనా లోపల ఉండేది పిండి. ఆ పిండి ఒంట్లోకి పోయి చక్కెర అవుతుంది. ఒళ్ళు పనికి కావలసినంత వాడుకొని, మిగిలినదాన్ని కొవ్వు చేసి దాచిపెట్టుకుంటుంది. పిండి లోపలికి పోవడం ఆగితే, గతిలేక ఆ దాచిన కొవ్వునే తీసి ఖర్చు పెట్టుకుంటుంది. అదీ సంగతి. నాకు బాగా అర్థమైంది. మా ఇంట్లో కొత్త నూలు రాకపోతే అటక మీది పాత నూలు దింపినట్టే కదా.

"మరి ఏం తినేది?" అని ఆమె ఏడుపు గొంతుతో అడిగింది.

"కోడిగుడ్లు తిను. కోడికూర, వేటకూర తిను. ఆకుకూరలు ఎన్నైనా తిను. మజ్జిగ తాగు. గుప్పెడు శెనక్కాయలు నములు. నెయ్యి వేసుకుంటే తప్పులేదు."

ఇదేం వైద్యమమ్మా! ఒళ్ళు తగ్గడానికి కోడికూరా, నెయ్యా? మా ఇంట్లో గుడ్డు బాలింతకు పెట్టాలి, లేదంటే జ్వరం పడి లేచిన మగవాడికి పెట్టాలి. నాకు కాన్పయినప్పుడు పెట్టారు, తర్వాత గుడ్డు ముఖం చూసింది లేదు. లావెక్కినందుకు ఈమెకు రోజూ గుడ్డా? తిరుగు దారిలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పాలారులో ఇసుక తప్ప నీళ్ళు లేవు. నాకు అదీ కోపమే అయింది.

వంట నాది. అంటే పత్యం వండి పెట్టాల్సిందీ నేనే. రోజూ పొద్దున్నే ఆమెకు గుడ్లు వేయించాలి. చిర్రాకో మునగాకో నేతితో తాలింపు పెట్టాలి. నాలుగైదు రోజులకొకసారి కోడిని కోయించాలి. ఆ వాసన వీధి చివరిదాకా పోయేది. పక్కనే నా పళ్ళెంలో సంగటి ముద్ద, ఊరుబిండి కారం. నా మొగుడు నా ముఖం చూసి, "దానికి మోకాలి నొప్పులమ్మే. నీకేం నొప్పి?" అన్నాడు. "నాకు కడుపునొప్పి" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. సొంటి కషాయం పెట్టుకోమన్నాడు.

ఆమె మాత్రం గుడ్డు ముందు పెట్టుకొని కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "అక్కా, ఆ సంగటి వాసన తగిల్తే నా పాణం పోతా ఉండాది. ఒక్క పిడస పెట్టక్కా."

"డాక్టరు వద్దన్న్యాడు గదమ్మా" అని నేను ఇంకో ముద్ద చేసి, కారంలో అద్ది, కావాలనే చప్పుడు చేస్తూ మింగేదాన్ని. ఒకసారి ఆమె తన గుడ్డులో సగం తుంచి, "పోనీ నువ్వు తినక్కా, నాకు దిగడంల్యా" అని నా పళ్ళెంలో వేసింది. నాకు పుండు మీద కారం చల్లినట్టయింది. తీసి మళ్ళీ ఆమె పళ్ళెంలోనే వేశాను. ఆమె జాలి పడితే తినే రకం కాదు నేను. తర్వాత వంటింట్లో ఒంటరిగా గిన్నెకు అంటిన నెయ్యి వేలితో నాకాను, అది వేరే మాట.

వారాలు గడిచాయి. ఆమె నడుము ఇంచు కూడా తగ్గలేదు. అన్నం మానేసింది, సంగటి మానేసింది, బెల్లం వైపు చూడటం లేదు, అయినా జాకెట్టు అంతే బిగువుగా ఉంది. నాకు ఒక పక్క సంతోషం, మగ్గం నాదే అని. ఇంకో పక్క ఒళ్ళు మంట, ఇన్ని గుడ్లు బూడిదలో పోసినట్టేనా అని. పైగా అనుమానం. ఏమీ తినకుండా ఎట్లా తగ్గదు? దొంగతనంగా తింటూ ఉండాలి.

కాపలా వేశాను. బియ్యం కుండలో బియ్యాన్ని అరచేత్తో చదును చేసి, పైన వేలితో గీత గీసి పెట్టేదాన్ని. పొద్దున చూస్తే గీత గీసినట్టే ఉండేది. ఉట్టి మీది సద్ది చూశాను. బెల్లం డబ్బాకు దారం కట్టి ముడి గుర్తు పెట్టుకున్నాను. ఏదీ కదలలేదు. ఆమె పెరట్లోకి పోతే పెరట్లోకి పోయాను, పక్కింటికి పోతే పక్కింటికి పోయాను. "ఏందక్కా, నా కొంగు పట్టుకొని తిరగతా ఉండావు? నా మీద అంత ప్రేమా?" అని నవ్వింది. పోలీసువాళ్ళకు కూడా ఇంత ఓపిక ఉండదు. ఏమీ దొరకలేదు.

దొరికింది ఎక్కడంటే, నడివీధిలో, తెల్లారే వేళ, అందరి కళ్ళెదుటా.

పడుగు దారానికి గంజి పట్టించకపోతే మగ్గం మీద పోగులు రేగి తెగిపోతాయి. అందుకని ఎండ ఎక్కకముందే పడుగును వీధి పొడవునా కర్రల మీద సాచి, గంజి అద్ది, పెద్ద కుంచెతో దువ్వుతారు. దారం గంజి తాగి గట్టిపడుతుంది. మా ఇంట్లో ఆ పని నా తోడికోడలిది. వంట నాది కాబట్టి వచ్చినప్పటి నుంచీ ఇది ఆమెదే. నూకలు మెత్తగా ఉడికించి, మెదిపి, బట్టలో వడగట్టి చిక్కటి గంజి చేసేది. మూడు మగ్గాల ఇల్లు, ఏదో ఒక పడుగు ఎప్పుడూ వీధిలో ఉండేది.

మా ఇంట్లో ఒక ఆచారం. దారం కోసం వండిన కుండ నేలపాలు కాకూడదు. కుండలో మిగిలిన గంజిని పారబోస్తే ఆ పడుగు తెగుతూనే ఉంటుందని మా అత్త నమ్మకం. పశువుల కుడితిలో కూడా పోయనిచ్చేది కాదు. కుంచె పట్టిన మనిషే మిగిలిన గంజిలో ఉప్పు వేసుకొని తాగి, కుండ కడిగి బోర్లించాలి.

ఆ రోజు నేను కర్ర పట్టుకొని ఒక కొసన నిలబడ్డాను. పడుగు దువ్వడం అయిపోయింది. ఆమె చెమట తుడుచుకొని కుండ దగ్గర చతికిలబడింది. మా అత్తే స్వయంగా ఉప్పూ, నంజుకోవడానికి ఒక ఎర్రగడ్డా తెచ్చి చేతిలో పెట్టింది. ఆమె చెంబు నిండా గంజి ముంచుకొని, గటగటా తాగి, మళ్ళీ ముంచుకుంది. వాళ్ళ ముఖాల్లో దొంగతనం లేదు. నేనూ ఎన్నేళ్ళుగానో చూస్తున్న దృశ్యమే. ఎన్నేళ్ళుగా చూస్తున్నా చూడలేదు. మా అందరి లెక్కలో అది దారం తిండి. మనిషి తిండి లెక్కలోకి అది ఎప్పుడూ రాలేదు.

కానీ రోజుల తరబడి కాపలా కాసిన కళ్ళు కదా నావి. ఆ చిక్కదనం చూశాను, చెంబు అంచు మీద నుంచి జారుతున్న తెల్లటి ముద్ద చూశాను. ఓయమ్మ! ముగ్గురు మనుషులు తినే అన్నం ఈమె ఒక్కతే తాగుతోంది!

నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. ఇక్కడ అంటే ఏమవుతుంది? "గమ్మునుండు మే, అది దారం సొత్తు" అని మా అత్త ఒక్క మాటతో తోసేస్తుంది. ఇది చెప్పాల్సిన చోటు వేరే ఉంది. డాక్టరు ముందు చెప్తే ఆయన మండిపడతాడు. అన్నం మెతుకు ముట్టలేదని ఒట్లు వేసే మా అత్త తలెత్తుకోలేదు. ఇంత మోసమా అని గుడ్లూ కోళ్ళూ ఆపేస్తుంది. ఆయుధపూజకు మగ్గం నాది. ఇంత బాగా ఇంతకు ముందెప్పుడూ ఆలోచించలేదు నేను. మళ్ళీ వేలూరు పోయే రోజు కోసం పండగకు ఎదురు చూసినట్టు చూశాను.

ఆ రోజు రానే వచ్చింది. డాక్టరు తూకం చూసి పెదవి విరిచాడు. "తగ్గలేదే! అన్నం తింటా ఉండావా?"

"ఆ దేవుని మీద ఒట్టు సామీ" అన్నది మా అత్త. "మెతుకు ముట్టలే. నా కళ్ళు సరిగ్గా కనపడవు గానీ, ఇదో, మా పెద్ద కోడలు రేయింబగళ్ళు దీన్ని కనిపెట్టుకునే ఉండాది. కావాల్నంటే దీన్నే అడగండి."

అందరూ నా వైపు తిరిగారు. ఇంత మంచి సమయం మళ్ళీ వస్తుందా? గొంతు సవరించుకున్నాను.

"మెతుకు ముట్టలేదు నిజమే సామీ. మెతుకంతా మెదిపి తాగతా ఉండాది. పడుగుకు పెట్టే గంజి. చిక్కటిది. చెంబులు చెంబులు. మా అత్తే ఉప్పు అందిస్తాది."

మా అత్త ముఖం పాలిపోయింది. "అయ్యో, అది పడుగు గంజి సామీ! దారానికి కాచింది. అది తిండెట్లయితాది?"

డాక్టరు అరుస్తాడని చూశాను. ఆయన బల్ల మీద చేత్తో చరిచి, "ఇదిదాన్!" అన్నాడు. ఇదే! ముఖం వెలిగిపోయింది. "అమ్మా, ఆ దారం ఎందుకు గట్టిపడుతుంది? గంజిలో ఉండే పిండి వల్ల. ఆ పిండే ఈమె నడుము చుట్టూ చేరుతోంది. దారం తాగినా అదే గంజి, మనిషి తాగినా అదే గంజి. అన్నం మానేసి గంజి తాగితే ఇంకేం మానేసినట్టు?" అని మా అత్తకు అర్థమయ్యేట్టు చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "నీ మాదిరి అక్క ఇంటికొకరు ఉంటే నాకు పని తగ్గుతుందమ్మా. ఇంత శ్రద్ధగా ఎవరు కనిపెడతారు?"

మండిపడాల్సిన మనిషి నాకు దండం పెడుతున్నాడు! అంతలో నా తోడికోడలు నా చెయ్యి పట్టుకొని బోరున ఏడ్చేసింది. "నా కొంగు పట్టుకొని తిరిగింది ఇందుకా అక్కా! నేను ఏమేమో అనుకుంటి. నా సొంత అక్క కూడా ఇంత చూసుకోదు." జట్కాలో దారి పొడవునా మా అత్త నా తల నిమురుతూ కూర్చుంది. నా జీవితంలో నా నోరు నాకు చేసిన అన్యాయాల్లో ఇంత పెద్దది ఇంకోటి లేదు.

అన్యాయం అంతటితో ఆగిందా? ఆగలేదు. గంజి ఆమె తాగకూడదు. కుండ నేలపాలు కాకూడదు. మరి ఎవరు తాగాలి? మా అత్త పెద్దగా ఆలోచించలేదు. "ఇంక కుంచె నువ్వే పట్టు, గంజీ నువ్వే తాగు. నీకేం, ఎండు మునక్కాయవి. ఎంత తాగినా ఒంటికి పట్టదు" అని ఉప్పూ ఎర్రగడ్డా నా చేతిలో పెట్టింది. గుడ్లూ కోడికూరా ఆమెకు, గంజి నాకు! అయితే ఒక మాట చెప్పాలి, అబద్ధం ఎందుకు, ఆ గంజి భలే రుచిగా ఉండేది. పొద్దుటి చలికి వెచ్చగా దిగేది. ఒక చెంబుతో ఆగేది కాదు.

ఆమె తగ్గడం మొదలుపెట్టింది. ముందు ముఖం తగ్గింది, తర్వాత మెడ. గాజులు మోచేతి దాకా జారేవి. మెట్టు ఎక్కితే ఇదివరకటిలా మోకాలు పట్టుకునేది కాదు. వీధి ఆడవాళ్ళు మొదట "ఏమైందమ్మా, చిక్కిపోతా ఉండావు, మీ అత్త తిండి పెట్టడంల్యా?" అని అడిగేవాళ్ళు. నాకు ఆ మాటలు తేనె పోసినట్టుండేవి. తర్వాత ఆమె నడకలో హుషారు చూసి వాళ్ళ మాట మారిపోయింది. "సన్నంగా భలే ఉండాదే!" అన్నారు. లావుగా ఉంటే లక్ష్మీదేవి, సన్నబడితే భలే. నేను సన్నగా ఉంటే మాత్రం మునక్కాయ. ఈ లోకం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఆయుధపూజ వచ్చింది. మగ్గాలకు గంధం, కుంకుమ పెట్టాం, పన్నెకు పూలు చుట్టాం. ఆమె ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గుంతలోకి దిగింది. కర్రకూ కడుపుకూ మధ్య నా అరచెయ్యి పట్టేంత సందు. మా అత్త కళ్ళు తుడుచుకొని నాడె ఆమె చేతిలో పెట్టింది. నేను బొరుగుల పళ్ళెం పట్టుకొని పక్కన నిలబడ్డాను. అందరికీ ప్రసాదం పంచాను. నవ్వాను కూడా. లోపల ఏముందో చెప్పమంటే, ఆ కిటికీ వెలుతురు ఆమె మీద పడుతుంటే నాకు దాన్ని గుడ్డతో మూసెయ్యాలనిపించింది. అంతే. దాచుకోవడానికి ఏముంది?

తర్వాత రోజుల్లో కండెలు చుడుతూ ఆ మగ్గం చప్పుడు వినేదాన్ని. ఒకే తీరు దెబ్బ. కోపం లేని దెబ్బ. విసుగెత్తి రాట్నం ఇంకా గట్టిగా తిప్పేదాన్ని.

మొదటి చీర దిగింది. ఎర్రంచు, మామిడిపిందె రంగు ఒళ్ళు. మగ్గం మీది మొదటి చీర మా అత్తకు ఇస్తుందని అందరం అనుకున్నాం. ఆమె దాన్ని మడిచి తెచ్చి, రాట్నం ముందు కూర్చున్న నా ఒళ్ళో పెట్టింది.

"నాకెందుకమ్మే? అత్తకు ఇయ్యి."

"అత్తే నీకు ఇమ్మనింది. ఆ రోజు డాక్టరు కాడ నువ్వు నోరు తెరవకుంటే నేను ఈ గుంతలో దిగేదా అక్కా?" అని నా పక్కన కూర్చుంది. తర్వాత గొంతు తగ్గించి, మరిదికి వినపడకుండా, "ఒక మూర ఎక్కువే నేసినా" అన్నది.

"ఎందుకు?"

ఆమె నా ముఖం చూడలేదు. చీర మడత సవరిస్తూ, "ఇప్పటి చీరలు నీకు కొంగు చాలడంల్యా గదా అక్కా. నేను చూస్తానే ఉండా. నాకు తెలీదా ఆ కష్టం?" అన్నది.

నాకు చురుక్కుమంది. ఏం కూశావే అని లేచి అరవబోయాను. లేవడానికి రాట్నం పట్టుకోవాల్సి వచ్చింది. నిజమే, కొన్నాళ్ళుగా కొంగు భుజం దాకా వచ్చి ఆగిపోతోంది. చీరలూ జాకెట్లూ ఉతుకుకు ముడుచుకుపోయాయనుకున్నాను. చాకలిని తిట్టాను కూడా.

లోపలికి పోయి తలుపు వేసుకున్నాను. చీర విప్పి వేళ్ళతో తడిమాను, ఎక్కడైనా ఒక సడలు దొరుకుతుందేమో అని. ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికాను. ఒక్కటీ దొరకలేదు. కట్టుకున్నాను. కొంగు భుజం మీద నుంచి వెనక్కి దిగి, నడుముకు చెక్కుకునేంత మిగిలింది. ఆ మూర లేకపోతే చాలేది కాదు.